తొమ్మిది కిటికీల గది

టూరిస్టు బస్సు నడిపేవాణ్ణి చూస్తే జనానికి ఒకటే కుళ్ళు. "నీకేమయ్యా, జీతమిచ్చి మరీ ఊళ్ళు తిప్పుతున్నారు" అంటారు. ఈ మాట అన్నవాళ్ళెవరూ ఒక్క రాత్రయినా స్టీరింగు పట్టుకుని మేలుకున్నవాళ్ళు కారు. వెనక సీట్లో దుప్పటి ముసుగు తన్ని గురక పెట్టినవాళ్ళే. అయినా మన కథలో మనిషి ఎవరికీ ఎదురు చెప్పేవాడు కాదు. నవ్వి ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడమే చివరికి ఆయన కొంప మీదికి తెచ్చింది.

డిపోలో ఆయన్ని నిదానం అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు నిదానంగారని, సాటివాళ్ళు ఒరే నిదానం అని. ఇరవై రెండేళ్ళు ఒకే రూటు. శీతాకాలం సెలవులు రాగానే బడిపిల్లలున్న ఇళ్ళన్నిటికీ ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొస్తుంది కదా, వాళ్ళందరినీ రాత్రి ఎక్కించుకోవడం, తెల్లారేసరికి ఆ పాత రాజధానిలో కోట దగ్గర దింపడం, సాయంత్రం మళ్ళీ పోగుచేసుకుని వెనక్కి రావడం. ఆయన చేతిమీదుగా ఆ కోట చూసినవాళ్ళు ముప్పై వేలమందికి తక్కువుండరు.

ఆయన మాత్రం చూడలేదు. ఒక్కసారీ చూడలేదు.

ఎందుకంటే, ఉద్యోగంలో చేరిన మొదటి శీతాకాలమే ఒక సీనియరు డ్రైవరు సరదాపడి పగలంతా కోట చుట్టూ తిరిగొచ్చాడు. ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో కునుకు పట్టి బస్సుని కాలవలో దించాడు. ప్రాణాలు పోలేదుగానీ పదిహేడుమందికి ఎముకలు విరిగాయి. అప్పుడు పక్కన క్లీనరు సీట్లో కూర్చున్నది మనవాడే. ఆ అరుపులు విన్నాక ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో పగలన్నది నిద్రకే. బస్సు పార్కింగులో పెట్టడం, జనాన్ని దింపడం, వెనకనున్న పొడుగు సీటు మీద పడుకోవడం. ఇరవై రెండేళ్ళు అలాగే పడుకున్నాడు. ఇరవై రెండేళ్ళూ అందరినీ ఇంటికి చేర్చాడు. పేరు నిదానమైతే అయింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తప్పు ఇంట్లో జరిగింది.

పధ్నాలుగేళ్ళ కిందట ఆయన భార్య ఆసుపత్రి మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ అక్కడే పిల్లల ఎముకల వార్డులో ఆయా. పక్కలు మార్చడం, అన్నం తినిపించడం, ఏడ్చేవాళ్ళని ఊరడించడం ఆవిడ పని. అలాంటి మనిషి మూడు నెలలు తనే మంచానికి అతుక్కుపోయేసరికి పిచ్చెక్కినట్టయింది. సరిగ్గా అది సెలవుల సీజను. ఆయన ట్రిప్పు ముగించుకుని ఇంట్లో అడుగు పెట్టడం పాపం, "ఏం చూశారండీ ఈసారి?" అని మొహం విప్పార్చుకుని అడిగేది. పార్కింగు చూశానని ఎలా చెప్తాడు? నోటికొచ్చింది చెప్పాడు. ఆ కోట పైన ఒక చిన్న గది ఉందన్నాడు. కాళ్ళు రాని రాకుమారుడి కోసం కట్టించారట. మంచం మీంచి కదలకుండానే లోకమంతా కనిపించేలా దానికి తొమ్మిది కిటికీలు పెట్టించారట.

ఇక చూసుకోండి, ట్రిప్పుకొక కిటికీ. మొదటి కిటికీలోంచి నది. రెండో దాంట్లోంచి బొమ్మల సంత. మూడో దాంట్లోంచి రాకుమారుడు లేచొస్తాడని కాచుకునున్న తెల్ల గుర్రం. అయిదో దాంట్లో పొద్దున్నంతా దెబ్బలాడుకుని సాయంత్రానికి ఒకే గిన్నెలో పాలు తాగే రాజూ రాణీ. ఎనిమిది అయ్యేసరికి ఆయన దగ్గర సరుకైపోయింది. అంచేత తొమ్మిదోది మూసి ఉంటుందన్నాడు. రాకుమారుడు తన కాళ్ళ మీద లేచి నిలబడినరోజే తెరుచుకుంటుందన్నాడు. ఆవిడ అది విని గోడవైపు తిరిగి ఏడ్చింది. మర్నాడే కర్రలు తెప్పించుకుని లేచి నిలబడింది.

ఆవిడ మళ్ళీ వార్డుకెళ్ళాక ఆ గది కూడా ఆవిడతో వెళ్ళింది. పధ్నాలుగేళ్ళుగా కట్లతో పడుకున్న ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఆ తొమ్మిది కిటికీలూ తెరిచి చూపించింది. అక్కడ ఆవిడ పేరే కిటికీల అమ్మమ్మ.

ఈ ఏడు కంటిచూపు పరీక్షలో నిదానంగారిని పక్కన పెట్టేశారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి సెలవుల్లో ఆయనకి పని లేదు. ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆవిడ ఆ ఊరికి రెండు బస్సు టికెట్లు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆ గది నాకు చూపించండి," అంది. "వార్డులో ఓ పిల్ల ఉంది. తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలైంది, లేవమంటే భయపడి చస్తోంది. తొమ్మిదో కిటికీ నిజంగా తెరుచుకుందో లేదో నువ్వు కళ్ళారా చూసొచ్చి చెప్తేనే లేస్తానంది. మాటిచ్చాను."

ఆయన టికెట్లు వెనక్కి ఇవ్వబోయాడు. "ఈ చలిలో ఎందుకే? జనం తొక్కేస్తారు," అన్నాడు.

"మీరు పక్కనుంటే నాకేం భయం? మీకు ఆ ఊళ్ళో తెలియని గోడ ఉందా?"

బస్సులో ఆయన అవస్థ చూడాల్సిందే. పాసింజరు సీట్లో కూర్చోవడం ఆ మనిషికి చేతకాదు. మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కాడు. ముందున్న డ్రైవరు గేరు మార్చడం ఆలస్యమైతే మోకాలు కొట్టుకున్నాడు. "కాస్త స్థిమితంగా కూర్చోండి, పక్కవాళ్ళు చూస్తున్నారు," అని ఆవిడ గసిరింది. స్థిమితం ఎక్కణ్ణుంచి వస్తుంది? లేని గదిని తెల్లారేసరికి ఎక్కడ కట్టాలో తెలియక ఆయన ముళ్ళ మీద కూర్చున్నాడు. నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ఆవిడ "ఏంటండీ?" అని ఎంతో ఇష్టంగా మొహం తిప్పింది. మంచినీళ్ళు కావాలా అని అడిగి ఊరుకున్నాడు.

పొద్దున్న లాడ్జిలో మొహాలు కడుక్కుని కోటకి బయలుదేరారు. పొగమంచు ఇంకా విడలేదు. వీధులనిండా ఉన్ని టోపీలు, పిల్లల ఈలలు, ఫోటోలకి నిలబడినవాళ్ళు, తప్పిపోయిన మనిషి పేరు పెట్టి అరిచేవాళ్ళు. టికెట్ల క్యూ కోట ముందున్న సంత చుట్టూ తిరిగి వచ్చింది. ఆయనకి ఆ ఊళ్ళో ఏ సందులో బస్సు తిరగదో తెలుసు. ఏ కమాను కింద పైకప్పు గీసుకుంటుందో తెలుసు. ఎక్కడ మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో కూడా తెలుసు. "అదేంటండీ, ఆ గోపురం?" అని ఆవిడ అడిగితే మాత్రం "అదా, అది పాతది," అన్నాడు.

దీనికితోడు ఇంకో చిక్కు. పది గంటలయ్యేసరికి ఆయన కళ్ళు వాలిపోవడం మొదలుపెట్టాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఆ ఊరి గాలి తగిలితే చాలు ఒళ్ళు పడక వెతుక్కుంటుంది. రాజదర్బారులో గైడు యుద్ధం గురించి గొంతు చించుకుంటుంటే మనవాడు స్తంభానికి ఆనుకుని తూలాడు. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"ఇన్నిసార్లు చూశారు కాబట్టి మీకు విసుగు. నాకు కొత్త," అంది.

దర్బారు అయ్యాక ఆవిడే గైడుని ఆపింది. సెలవుల పుణ్యమా అని రోజుకి పదకొండు గుంపుల్ని తిప్పుతున్నాడేమో, అతని గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది.

"బాబూ, తొమ్మిది కిటికీల గదికి ఎటు వెళ్ళాలి?"

"అలాంటి గది లేదండీ ఇక్కడ."

"లేకపోవడమేంటి? కాళ్ళు రాని రాకుమారుడి గది."

"ఆ రాకుమారుడు కూడా లేడండీ." గుంపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు ఈ పనిలో చేరి ఎన్నాళ్ళయింది? నాలుగేళ్ళా? మా ఆయన ఇరవై రెండేళ్ళుగా వస్తున్నారిక్కడికి. ఏమండీ, మీరే చెప్పండి ఈ అబ్బాయికి!"

గుంపంతా ఆయన వైపు తిరిగింది. చెప్పాల్సిన సమయం అంటే అదే. చెప్పి ఉంటే అక్కడితో పోయేది. కానీ అంతమంది ముందు ఆవిడ తల వంచుకోవడం ఊహించుకునేసరికి నిజం మింగేశాడు. "అదీ... పై అంతస్తులో ఉండేది. రిపేర్ల కోసం మూసేశారేమో," అని నీళ్ళు నమిలాడు. అబద్ధానికి ఇంకో అబద్ధం మేకు కొట్టాడన్నమాట. గైడు చేతులెత్తేసి ముందుకి నడిచాడు.

రిపేర్లంటే ఎవరో ఒకరు తాళం చెవి పెట్టుకుని ఉంటారు కదా. ఆవిడ లెక్క అది. ఉన్న పళంగా కోట ఆఫీసుకి నడిచింది. అక్కడ గుమాస్తా పాపం మంచివాడు, గోడకున్న పెద్ద నక్షా చూపించి ప్రతి గదీ వేలు పెట్టి చెప్పాడు. అయిదు కిటికీల గదులున్నాయి. ఏడువి ఒకటి ఉంది. తొమ్మిది లేవు.

"మధ్యలో గోడ కట్టేసి ఉంటారు," అంది ఆవిడ బయటికొచ్చి. "బయటినుంచి కిటికీలు లెక్కపెడదాం. పదండి."

ఆయన మొహం చెల్లక వెనక నడిచాడు. పడమటి గోడ, ఉత్తరపు గోడ. ఆవిడ మెడ ఎత్తి, వేలు చూపిస్తూ, పైకే లెక్కపెడుతూ నడిచింది. పాత విరుపు ఉన్న కాలు చలికి బిగుసుకుపోయి ఈడుస్తోంది. మొదటి బురుజు ఎక్కారు, కాదు. రెండోది ఎక్కారు, కాదు. మూడో బురుజు మెట్ల దగ్గర ఆవిడ రెయిలింగు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఒక మెట్టు ఎక్కింది. తర్వాత ఇంకోటి. మోకాలు ఉబ్బిపోయి ఉన్నది చీర మీంచే తెలుస్తోంది. అప్పటికీ చెప్పకపోతే ఇక ఆయన మనిషే కాదు.

"ఆగవే," అన్నాడు. "ఎక్కకు. అక్కడేం లేదు."

"మీకెలా తెలుసు?"

"ఎక్కడా లేదు. నేను కల్పించాను. ఈ కోట లోపలికి రావడం నాకూ ఇవాళే మొదలు."

వెనకొచ్చేవాళ్ళు దారి ఇమ్మంటున్నారు. ఆవిడ గోడకి జరిగి, మెట్టు మీద మెల్లగా కూర్చుంది. జనం వాళ్ళని తోసుకుంటూ పైకెళ్తున్నారు, కిందికొస్తున్నారు.

"కాలు విరిగి పడుంటే నా చెవిలో పువ్వులు పెట్టారన్నమాట," అంది. "నాకు పెడితే పెట్టారు. పధ్నాలుగేళ్ళుగా నేను ఆ పసివాళ్ళ చెవుల్లో పెడుతూ వచ్చాను. నిజమని ఒట్లు వేశాను. ఒకసారైనా చెప్పాలనిపించలేదా?"

"ప్రతిసారీ అనిపించింది."

"ఇప్పుడా పిల్లకి ఏం చెప్పను?"

ఆయన తల కొట్టేసినట్టు నిలబడ్డాడు. కోప్పడితే పడేవాడే, ఏడ్చినా ఓర్చుకునేవాడే. ఆవిడ రెండూ చెయ్యలేదు. లేచి, ఆయన చెయ్యి అందించినా పట్టుకోకుండా, ఒక్కో మెట్టూ దిగింది. ముఖద్వారం దాటి బయటికొచ్చాక ఆగింది.

"మరి ఇన్నేళ్ళూ ఈ ఊరొచ్చి ఏం చేశారు?"

"పడుకున్నాను."

"ఎక్కడ?"

ఆయన చెయ్యి ఎత్తి చూపించాడు. ఆవిడ అటు నడిచింది. ఆయన వెనకే వెళ్ళాడు.

కోట వెనక పల్లంలో పార్కింగు. యాభై అరవై బస్సులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. నేలంతా డీజిలు మరకలు, తొక్కలు, పగిలిన గ్లాసులు. ఒక మూల నీళ్ళ గొట్టంతో బస్సులు కడిగేవాడు. ప్రహరీ కింద ప్లాస్టిక్ బొమ్మలమ్మేవాళ్ళు గుడ్డలు పరుచుకున్నారు. పిల్లల్ని ఎక్కించుకు తిప్పే ముసలి గుర్రం ఒకటి, తెల్లదే, ఒంటికాలు ఎత్తి నిద్రపోతోంది. టీ బండి దగ్గర మొగుడూ పెళ్ళాం చిల్లర గురించో ఇంకేదో గురించో ఊరంతా వినేలా తిట్టుకుంటున్నారు.

ఆవిడ గుర్రాన్ని చూసి ఆగింది. తర్వాత టీ బండి వైపు చూసింది. నీళ్ళ గొట్టంలోంచి మట్టినేల మీద సాగిపోతున్న పాయని చూసింది.

"వాళ్ళు సాయంత్రానికి కలిసిపోతారా?" అని అడిగింది.

"నాలుగింటికి. బేరం తగ్గాక ఒకే గ్లాసు తాగుతారు. అప్పుడు ఇతని అమ్మా నాన్నా నడిపేవారు బండి. వాళ్ళూ ఇంతే."

"వెనక సీటు మీద పడుకుంటే ఇవన్నీ కనిపించేవా?"

"మన బస్సుకి ఆ వైపు తొమ్మిది కిటికీలు. నిద్ర పట్టేదాకా చూస్తూ ఉండేవాణ్ణి. మళ్ళీ వచ్చి నీకు చెప్పాలి కదా."

"తొమ్మిదోది?"

"అద్దం పగిలిపోయింది. అట్టముక్క కొట్టారు. కొత్త అద్దం వేయిస్తామని ఆరేళ్ళు తిప్పారు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అట్టముక్క చూసి నేను లేచి నిలబడ్డానా?" అంది. నవ్వు అయిపోయాక మళ్ళీ మొహం ముడుచుకుంది. "ఇది ఇక్కడితో అయిపోలేదు. ఇంటికెళ్ళాక మీ పని చెప్తాను. ఆ పిల్ల మంచం దగ్గరికి మీరే వచ్చి కూర్చోండి. గుర్రం సంగతి, టీ బండి సంగతి, అట్టముక్క సంగతి, అన్నీ మీ నోటితోనే చెప్పండి. లేస్తుందో, మీ మొహాన తలగడ విసురుతుందో మీరే చూసుకోండి."

"వస్తాను," అన్నాడు ఆయన. భయంగానే అన్నాడు. ముప్పై వేలమందిని మోసిన మనిషికి ఒక చిన్నపిల్ల మంచం తలుచుకుంటేనే బరువనిపించింది.

ఆవిడకి కాలు నిలవడం లేదు. అక్కడే నిలిపి ఉన్న ఒక బస్సు ఫుట్‌బోర్డు మీద కూర్చుంది. ఆయన నిలబడే ఉన్నాడు. పైన కిటికీలోంచి ఎవరో డ్రైవరు పాదాలు రెండు, చిరుగు మేజోళ్ళతో, బయటికి వచ్చి ఉన్నాయి. లోపల్నుంచి సన్నగా గురక. ఆవిడ తలెత్తి ఆ మేజోళ్ళ వైపు ఎంతసేపు చూసిందో. చూసి చూసి, తన శాలువా తీసి, లేచి, మునివేళ్ళ మీద నిలబడి ఆ పాదాల మీద కప్పబోయింది. అందలేదు. ఆయన అందుకుని కప్పాడు.

అంతలో కోట వైపునుంచి ఒక కుటుంబం గోలగోలగా వచ్చింది. తండ్రి, తల్లి, పిల్లలు, చేతుల్లో సంచులు. ఆ తండ్రి వస్తూనే అరచేత్తో బస్సు తలుపు మీద దబదబా బాదబోయాడు.

ఆవిడ లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఏమ్మా, జరగండి. మా బస్సే ఇది. సంచులు లోపల పెట్టుకోవాలి."

"చేత్తో పట్టుకు తిరగండి," అంది ఆవిడ. వార్డులో ఆపరేషనైన పిల్లలు పడుకున్నప్పుడు చూడ్డానికొచ్చిన చుట్టాల్ని అదిలించే గొంతు అది. "డ్రైవరు నిద్రపోతున్నాడు."

"పట్టపగలు నిద్రేంటండీ? లేపితే తీస్తాడు, రెండు నిమిషాల పని."

"రాత్రంతా ఎవరు మేలుకుంటారనుకున్నావ్ బాబూ? నువ్వా? నీ పెళ్ళాం పిల్లలు వెనక సీట్లో ఆదమరిచి పడుకునేది ఇతను ఇప్పుడు పడుకుంటున్నాడు కాబట్టే. అయిదింటి దాకా ఎవరూ ఈ తలుపు ముట్టుకోవడానికి వీల్లేదు."

ఆ తండ్రి ఏదో అనబోయాడు. అతని భార్య చెయ్యి పట్టుకుని లాగింది. గొణుక్కుంటూ, సంచులు మోసుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ మళ్ళీ ఫుట్‌బోర్డు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంది. పైన గురక ఆగలేదు.

నిదానంగారు గబుక్కున అటు తిరిగి గుర్రాన్ని చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరో ఒకరు తలుపు బాది లేపని మధ్యాహ్నం ఆయనకి ఒక్కటీ గుర్తు రాలేదు.